చాటెడు తవుడుకు కొన్న ముక్కు

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి సంవత్సరాలవి. ఆ రోజుల్లో ఏది కావాలన్నా దొరుకుతుందన్న ధీమా ఒకటి గాలిలోనే ఉండేది. ఉద్యోగాలు వస్తాయని కొందరు, చెరువులోకి నీళ్ళు వస్తాయని కొందరు ఎదురుచూస్తుంటే, ఇరవై నాలుగేళ్ళ నేను మాత్రం ఒక మంచి ముక్కు వస్తే చాలనుకుంటూ తిరిగాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది గానీ, నా కష్టాలన్నిటికీ కారణం నా ముఖం మధ్యలోనే ఉందని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. అద్దంలో చూస్తే ముందు అదీ, ఆ తర్వాత నేనూ కనిపించేవాళ్ళం. అది అసలు మా అవ్వ ముక్కు. అవ్వ నుంచి బాపుకు, బాపు నుంచి నాకు ఎక్కడా తరుగు లేకుండా వచ్చింది. నడుమ ఒక దూలం, కొసన ఒక ఉల్లిగడ్డ, రెండు పక్కలా ధారాళంగా తెరుచుకున్న ద్వారాలు. (భూమి పంపకాల్లో మాకు తక్కువ వచ్చిందని బాపు ఎప్పుడూ బాధపడేవాడు, ముక్కు విషయంలో మాత్రం ఎవరూ మాకు అన్యాయం చేయలేదు.) ఇది చాలదన్నట్టు కుడి పక్క ఒక తూటు కూడా ఉండేది. ఆడపిల్లలు ముక్కుపుల్ల పెట్టుకునే చోట, మీసాలొచ్చిన మగవాడికి, శనగగింజ పట్టేంత తూటు.

ఆ తూటు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. అన్న ఏడాది నిండకముందే పోయాడు, అక్క మూడు నెలలకే పోయింది. అలా పిల్లలు దక్కని ఇంట్లో తర్వాత పుట్టిన బిడ్డను మా వైపు ఏం చేస్తారో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. మాకు అక్కర్లేదు, కావాల్సినవాళ్ళు కొనుక్కోండని గట్టిగా అరుస్తారు. ఎవరో ఒకరు వచ్చి కాసింత తవుడిచ్చి కొనుక్కుంటారు. తర్వాత ముక్కు కుట్టి, ఎవరికీ ఆశ పుట్టని పేరొకటి తగిలిస్తారు. యముడు వచ్చి చూసి, వీడు పెంట మీద దొరికినవాడు, పైగా ఈ ఇంటివాడే కాదు అనుకొని ఉత్త చేతులతో వెళ్ళిపోతాడని లెక్క. నన్ను చాటెడు తవుడుకు కొన్నది మా పక్కింటి బూబమ్మ. ఆమె ఇంట్లో బర్రె ఉండేది కాబట్టి తవుడుకు కొదువ లేదు. కొని, పాలిచ్చి పెంచమని నన్ను మళ్ళీ మా అమ్మ చేతికే ఇచ్చింది. ముక్కు కుట్టింది మా అవ్వ, రాగి తీగతో. పేరు పెంటయ్య. బడిలో సారు జాలిపడి వేరే మంచి పేరు రాశాడు గానీ, దాన్ని వాడినవాళ్ళు తక్కువ.

డిగ్రీ అయ్యాక నల్లగొండలో ఒక చిన్న కేబుల్ చానెల్లో చేరాను. ఎరువుల దుకాణం పైన ఒక గది, నీలం గుడ్డ కట్టిన గోడ, ఒక కెమెరా, అదే స్టూడియో. నా గొంతు బాగుంటుందని వార్తలు చదవమన్నారు. మొదటిరోజే కెమెరా పట్టుకున్న లైటింగన్న (ఏది చెడిపోయినా లైటింగు మీద నెట్టేస్తాడని మేం పెట్టిన పేరు) ఒక కన్ను మూసి నన్ను చాలాసేపు చూశాడు.

"తమ్మీ, గొంతు బంగారమే. గని నీ ముక్కు నీడ మూతి మీద పడుతాంది. మూతి కనపడకుంటే వార్తలు ఎవలు చదువుతున్నరో జనాలకు ఎట్ల తెలుస్తది?"

లైట్లు అటూ ఇటూ జరిపాడు. నీడ చెంప మీదికి పోయింది, అక్కణ్ణుంచి చెవి మీదికి పోయింది, పూర్తిగా మాత్రం పోలేదు. అప్పటి నుంచి నా ముఖం లేకుండా గొంతు ఒక్కటే వాడుకున్నారు. తప్పిపోయిన బర్రెలు, నల్లా నీళ్ళ టైము, పెద్దకర్మ ప్రకటనలు, బత్తాయి ధర, అన్నీ నా గొంతుతోనే ఊరంతా వినేది. కిరాణా కొట్టులో నోరు విప్పితే "అరె, నువ్వేనా!" అని తిరిగి చూసేవాళ్ళు. చూశాక మాత్రం ఇంకేమీ అనేవాళ్ళు కాదు. ఆ మౌనం నాకు బాగా తగిలేది.

అంతలో హైదరాబాదులో ఒక పెద్ద చానెల్ వాళ్ళు మన యాసలో వార్తలు చదివేవాళ్ళు కావాలన్నారు. అంతకుముందు మా మాట వింటే నవ్వేవాళ్ళు, ఇప్పుడు ఆ మాట కోసమే వెతుకుతున్నారు. ఇంతకంటే మంచి కాలం మళ్ళీ వస్తుందా అని ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్ళాను. అక్కడ కళ్ళద్దాల మేడం ఒకావిడ నేను చదువుతుంటే కళ్ళు మూసుకొని విన్నది. "వాయిస్ అద్భుతం, యాస అద్భుతం" అన్నది. తర్వాత కళ్ళు తెరిచింది. రెండు వేళ్ళతో తన ముక్కును పైనుంచి కిందికి సన్నగా దువ్వి, "ఇక్కడ కొంచెం... మూడు నెలల తర్వాత మళ్ళీ పిలుస్తాం, ఏమన్నా చూసుకోగలిగితే చూసుకోండి" అన్నది. ఎంత మర్యాదగా చెప్పిందంటే, నేను థాంక్స్ కూడా చెప్పి వచ్చాను. తిరుగు బస్సులో కూచొని ఎక్కినవాళ్ళ ముక్కులన్నీ చూశాను. కోటేరు ముక్కులు, చప్పిడి ముక్కులు, చిలక ముక్కులు, గద్ద ముక్కులు. నార్కట్‌పల్లి వచ్చేసరికి ఆ బస్సులో నాది తప్ప మిగతావన్నీ అందంగానే కనిపించాయి.

వారం తిరక్కుండానే హైదరాబాదులో ముక్కులు సరిచేసే డాక్టరు దగ్గర తేలాను. గోడ మీద ఎనిమిది రకాల ముక్కుల బొమ్మలున్నాయి. ఏ ముక్కుకు ఏం చేస్తారో డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. దూలం లేస్తే ఎముక అరగదీస్తారట. చప్పిడిదైతే చెవి వెనక నుంచి మెత్తటి ఎముక తీసి ఎత్తు పెంచుతారట. కొస ఉబ్బితే సన్నం చేస్తారు, రంధ్రాలు పెద్దవైతే పక్కల కోసి కుడతారు, వంకరైతే లోపలి గోడ సరిచేస్తారు. నేను ఆ బొమ్మల్లో మా ఇంటిల్లిపాదినీ గుర్తుపట్టాను. అవ్వ, బాపు ఒకే బొమ్మలో సర్దుకున్నారు. డాక్టరు నన్ను తల పైకెత్తమని, టార్చి వేసి చూశాడు.

"ఊపిరి సరిగ్గా ఆడుతోందా?"

"ఆడుతాంది సార్."

"వాసనలు?"

"అన్నీ తెలుస్తయ్ సార్."

"మరి ముక్కుతో ఇబ్బంది ఏమిటి?"

"కనపడుతాంది సార్."

ఆయన నవ్వలేదు. కంప్యూటరులో నా ఫొటో పెట్టి, దూలం తీసి, కొస సన్నం చేసి, తూటు మూసి చూపించాడు. తెర మీది మనిషి ఎవరో పెద్దింటి అల్లుడిలా ఉన్నాడు. ఆ మనిషి నేనేనని నమ్మడానికి కొంత టైము పట్టింది. నమ్మాక ఇక ఆగలేకపోయాను. రెండేళ్ళుగా దాచుకున్న జీతం ఉంది, తారీఖు రాయించుకున్నాను. ఇంటి నుంచి ఒక మనిషి వచ్చి సంతకం పెట్టి, వెంట ఉండాలన్నారు. అదేమంత పని అనుకున్నాను.

ఇంట్లో జొన్నరొట్టెలు తినేటప్పుడు మెల్లగా సంగతి చెప్పాను. బాపు రొట్టె తుంచడం ఆపి తన ముక్కు తడుముకున్నాడు. "నీది కోసినా నాది కోసినా ఒక్కటే గదరా" అని, ఇంకేం అనలేక "మీ అవ్వ నడుగు" అన్నాడు. అమ్మ లేచి లోపలికి పోయింది. మిగిలింది అవ్వ.

"ముక్కు కోసుడంటే ఊర్ల తప్పు చేసినోళ్ళకు చేస్తరురా. నువ్వేం తప్పు చేసినవ్?" అన్నది.

"కోసుడు కాదవ్వా, సక్కగ చేసుడు."

"గా తూటు గూడ పూడుస్తరా?"

"పూడుస్తరు."

అవ్వ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. చేతిలోని రొట్టె కంచంలో పెట్టేసింది. ఆ తూటే నన్ను ఇన్నేళ్ళు బతికించిందని ఆమె నమ్మకం. అది పూడితే, ఇరవై నాలుగేళ్ళుగా గుర్తుపట్టలేక తిరిగిపోయినవాడు ఈసారి నేరుగా ఇంట్లోకి వస్తాడు. నాకది ముక్కు, ఆమెకు అది తలుపుకు వేసిన గొళ్ళెం. చదువుకున్నవాణ్ణి కదా, సైన్సు చెప్పాను. చివరకు ఒక సంతకం పెట్టమని బతిమాలాను.

"నేను వద్దంటలేనురా" అన్నది అవ్వ. "వద్దనే హక్కు నాకు లేదు. నిన్ను అమ్మిన. అమ్మినదాని మీద ఏలిముద్ర ఏసుడు పాపం. కొన్నామె నడుగు."

నేను నవ్వాను. బాపు నవ్వలేదు. "నిజమే గదా" అన్నాడు, ఏదో భూమి రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడుతున్నట్టు. ఆ రోజు నుంచి అవ్వ రొట్టె సగమే తినేది. ఇంటి ముందర కూచొని, నేను బయటికి పోయినప్పుడల్లా ఎప్పుడొస్తానా అని బాట చూసేది. అదొక మొండితనం అనుకున్నాను అప్పుడు. అది భయమని, చావు రెండుసార్లు చూసిన ఇంటి భయమని నా బుర్రకు ఎక్కలేదు.

బూబమ్మ అప్పటికే మా ఊరు విడిచి, నార్కట్‌పల్లిలో హైవే పక్కన కొడుకుతో కలిసి చాయ్ హోటల్ పెట్టుకుంది. లారీలు ఆగే చోటు, ఎప్పుడూ రద్దీ. నేను పోయేసరికి గల్లా దగ్గర కూచొని ఉంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. తను కొన్న సరుకని నన్ను సౌదా అనే పిలిచేది.

"ఏంరా, నా సౌదా నడుసుకుంట వచ్చింది! రా బేటా, కూచో."

సంగతంతా చెప్పాను. ఆమె నా గడ్డం పట్టుకొని ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. చాయ్ తాగుతున్న డ్రైవర్లు కూడా గ్లాసులు దించి చూశారు.

"ఏం ఖరాబైందిరా గిది? మంచిగనే ఉన్నది గదా."

"టీవీల బాగ కనపడతలేదు."

"నేను ముక్కు చూసి కొనలే బేటా. పెంటకుప్ప మీద నువ్వు ఏడిస్తే మా ఇంట్లకు వినొచ్చింది. గంత గొంతు ఉన్నోడు ఊకెనే పోడు అనుకొని తవుడు పట్కొని ఉరికొచ్చిన. గా టీవోళ్ళకు నీ గొంతు సాల్తలేదా?"

అల్లం వేసిన చాయ్ నా ముందు పెట్టి, తనూ ఎదురుగా కూచుంది. మాటల్లో మాటగా, నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

"మీ అమ్మ నిన్ను ముక్కు కుట్టేదాంక చూడనే లేదు, ఎర్కేనా? పాలిచ్చేటప్పుడు గూడ నీ మొహం మీద కొంగు కప్పేది. ముందు ఇద్దరిని పొద్దంత చూసుకుంట మురిసిందట. తన దిష్టే తాకిందని పాపం ఆమె మనసుల పడ్డది. మీ అవ్వ ముక్కు కుట్టిన్నాడు నెత్తురు కారి నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే, అప్పుడు తీసింది కొంగు. గంతే, జర చూసి మల్ల కప్పింది."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. అమ్మ నాకు అన్నం పెట్టేటప్పుడు కంచం వైపే చూస్తుంది. తల దువ్వితే వెనక నుంచి దువ్వేది. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి గోడను చూసేది. అది ఆమె స్వభావం అనుకున్నాను ఇన్నేళ్ళూ. నా ముక్కు బాగాలేక చూడదేమోనని కూడా పిల్లప్పుడు ఒకటి రెండుసార్లు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు గానీ, నా ముక్కు మీద నాకున్న కోపం అక్కడే మొదలైందేమో.

ఇక్కడ నేను మనసు మార్చుకున్నానని రాస్తే ఈ జ్ఞాపకానికి ఎంతో అందం వచ్చేది. మార్చుకోలేదు. తెర మీద చూసిన ఆ మనిషి నన్ను వదల్లేదు. అది గ్రహించినట్టు బూబమ్మే లేచి చీర కొంగు సర్దుకుంది.

"సరే, కోయించుకో. నేనొస్త సంతకానికి. గని నా మాట ఒక్కటి. ముక్కు నీది, నీ ఇష్టం. తూటు నాది. దాన్ని ముట్టొద్దు."

ఆ మాట మా ఇంటికొచ్చి అవ్వకు కూడా తనే చెప్పింది. "వాడు తూటు చూసిపోతడు గని సైజు చూడడు గదా" అన్నది అవ్వ చివరకు. యముడికి సంబంధించిన ఆ క్లిష్టమైన విషయం ఇద్దరు ముసలమ్మలు వక్కలు నములుతూ తేల్చేశారు. అమ్మ మాత్రం ఆ రోజు కూడా లోపలే ఉండిపోయింది.

ఆసుపత్రిలో కాగితాలు రాసే అమ్మాయి బూబమ్మను అడిగింది, "పేషెంటుకు మీరేమవుతారు?"

"కొనుక్కున్న."

"అంటే?"

"చాటల పెట్టి అమ్మిండ్రమ్మా. తవుడిచ్చి కొన్న."

ఆ పిల్ల పెన్ను ఆపి నా వైపు చూసింది. అవునని తలూపాను. గార్డియన్ అని రాసుకుంది. బూబమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని ఉర్దూలో సంతకం చేసింది. డాక్టరుకు తూటు ముట్టొద్దని చెప్తే ఆయనకు అర్థం కాలేదు. ఎంత సన్నగా చేసినా అది ఉంటే లోపంగానే కనిపిస్తుందన్నాడు. "గది నా ముద్ర సార్. సామాన్ల మీద ముద్ర గీకేస్తే ఎట్ల?" అన్నది బూబమ్మ. ఆయన ఈసారి నవ్వాడు.

ఆపరేషన్ అయ్యాక ముక్కు మీద పట్టీ, కళ్ళ కింద నల్లగా కమిలిన గుంటలు. తిరుగు బస్సులో కండక్టరు "ఎవలతోని కొట్లాడినవన్నా?" అని అడిగితే, నా బదులు బూబమ్మ "అద్దంతోని" అని చెప్పింది. పట్టీ తీసేదాకా వారం రోజులు హోటల్ వెనకే ఉన్న ఆమె ఇంట్లో ఉన్నాను. బాపు రోజూ మోటారు సైకిలు మీద క్యారియరు తెచ్చేవాడు. అమ్మ వండింది. మెత్తగా, నమలకుండా మింగేలా పిసికి పంపేది. బాపు నా ముఖం చూడలేక గల్లా వైపు తిరిగి కూచొని, నేను తిన్నాక గిన్నెలు తీసుకొని పోయేవాడు.

పట్టీ తీయించుకొని వచ్చిన రోజు మా ఇంటి ముందర అవ్వ కూచొని ఉంది. ముఖం దగ్గరికి లాక్కొని, వేలితో కుడి పక్క తడిమింది. "ఉన్నది" అన్నది. అంతే. కొత్త ముక్కు ఎలా ఉందో ఒక్క మాట కూడా అనకుండా లోపలికి పోయి, చాలా రోజుల తర్వాత రొట్టె నిండుగా తిన్నదట. బాపు మాత్రం రెండు రోజులు కొత్తగా వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడాడు, నన్ను 'మీరు' అనడం ఒక్కటే తక్కువ.

అమ్మ దొడ్లో గిన్నెలు తోముతోంది. నేను వెనక నిలబడి "అమ్మా" అన్నాను. తిరిగింది. అలవాటుగా చూపు దించుకోబోయింది, కానీ దించుకోలేదు. చేతిలోని గిన్నె జారి బండ మీద పడింది. దగ్గరికి వచ్చి, బూడిద చేతులు గాలిలో అలాగే పట్టుకొని, నా ముఖంలోకి చూసింది. నేనెప్పుడూ అమ్మ కళ్ళు అంత దగ్గరగా చూడలేదు.

"పెద్దోనికి గిట్లనే ఉండె ముక్కు" అన్నది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మీ అన్నకురా. మా నాయిన ముక్కు వచ్చింది వానికి. సన్నగ, గిట్లనే. ఎంత చూసినా తనివి తీరకపోతుండె."

ఆ ఇంట్లో నేను పుట్టినప్పటి నుంచి ఎవరూ అనని మాట అది. తర్వాత అమ్మ ఏడ్చింది. ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ, అన్నకు ముందు రెండు పళ్ళు వచ్చిన సంగతి, అక్క నవ్వితే చెంపలో సొట్ట పడిన సంగతి, ఇద్దరికీ ఏం పేర్లు పెట్టిందీ అన్నీ చెప్పింది. నాకు ఒక అన్న, ఒక అక్క ఉండేవారని తెలుసు. వాళ్ళకు పేర్లున్నాయని ఆ రోజే తెలిసింది. నేను కంప్యూటరు తెర మీద చూసి కోరుకున్నది, లోకంలో ఎవరికీ లేని కొత్త ముక్కు అనుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది. ముక్కు చీదకూడదని డాక్టరు చెప్పినందువల్ల చాలా అవస్థపడ్డాను.

ఇక చానెల్ సంగతి. రెండు నెలల పాటు నా గొంతు మూసిన డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది. అది సర్దుకున్నాక వెళ్తే, అప్పటికే వేరే అబ్బాయిని తీసుకున్నారు. గోడ మీద పెద్ద ఫొటో కూడా పెట్టారు. దగ్గరికి పోయి చూస్తే అచ్చం నా పాత ముక్కు, ఇంకా నాలుగు ఆకులు ఎక్కువే. కళ్ళద్దాల మేడం మురిసిపోతూ, "ఆ ముఖంలో ఒక నేటివిటీ ఉంది చూడండి" అన్నది. ఈసారి కూడా థాంక్స్ చెప్పి వచ్చాను. (ఏం చేస్తాం, అలవాటు.) లైటింగన్న నన్ను మళ్ళీ నీలం గుడ్డ ముందు కూచోబెట్టాడు. మూతి బాగానే కనిపిస్తోందిగానీ, ఇప్పుడు చెవులు పెద్దగున్నాయన్నాడు. వాటి జోలికి నేను పోలేదు.

అవ్వ రెండేళ్ళ కిందట పోయింది. బూబమ్మ ఇప్పటికీ నన్ను సౌదా అనే పిలుస్తుంది. వయసు పెరిగే కొద్దీ నా ముక్కు కొస మళ్ళీ కాస్త ఉబ్బుతోంది. మా వంశం అంత తేలిగ్గా ఓడిపోయే రకం కాదు. ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఊరూరా జనం తన ముఖం చూడాలని కత్తి కిందికి పోయాడు పిచ్చివాడు. ఇప్పుడు నేను తింటుంటే అమ్మ ఎదురుగా కూచొని నా ముఖంలోకే చూస్తూ ఉంటుంది. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. ఈ మధ్య నేనే రెండో రొట్టె నెమ్మదిగా తింటున్నాను.